ఐస్ హాకీ స్టిక్ కాంపోజిట్ షాఫ్ట్ మీ చేతికి సరిపోవాలంటే: ఎంచుకోవడం, కోయడం, సరిచూసుకోవడం

"స్టిక్ మీద 85 అని ఉంది. కొని రెండు నెలలైంది. ఎంత గట్టిగా కొట్టినా పక్ లేవడం లేదు. స్టిక్ పాడైందా, నాకే చేతకావడం లేదా?"

మాటలు కొంచెం అటూ ఇటూగా ఉన్నా నాకు వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఇదే. అడిగేవాళ్ళు దాదాపు అందరూ వారానికి ఒకటి రెండు సార్లు సరదాగా ఐస్ హాకీ, అంటే మంచు మీద స్కేట్లతో, పక్ అనే రబ్బరు బిళ్ళతో ఆడే హాకీ, ఆడేవాళ్ళే. జవాబు కూడా చాలావరకు ఒకటే. స్టిక్ బాగానే ఉంది, మీకూ చేతనవుతుంది, కాకపోతే ఆ షాఫ్ట్, అంటే స్టిక్‌లో చేత్తో పట్టుకునే పొడుగు కర్ర, మీ బరువుకి మరీ బిగువుగా ఉంది. పైగా కొన్నాక పైనుంచి మూడు అంగుళాలు కోసి ఉంటారు. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది 85 కాదు, దాదాపు 99.

షాఫ్ట్ మీద అచ్చు వేసిన అంకెకీ మీ చేతికి తెలిసే బిగువుకీ తేడా ఉంటుంది. ఆ తేడాని కొనేముందే లెక్క కట్టుకోవడానికి, కొన్నాక సరిగ్గా కోసుకోవడానికి, పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఈ నాలుగు ముక్కలు

ఫ్లెక్స్ అంటే షాఫ్ట్‌ని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పే అంకె. 85 ఫ్లెక్స్ అంటే 85 పౌండ్లు, అంటే దాదాపు 39 కిలోలు. అంకె పెరిగితే బిగువు పెరిగినట్టు. ఇది నాణ్యతకి కొలత కాదు. 100 ఫ్లెక్స్ స్టిక్ 70 ఫ్లెక్స్ స్టిక్ కంటే మంచిదేమీ కాదు, ఎక్కువ బిగువైనది, అంతే.

కాంపోజిట్ షాఫ్ట్ లోపల బోలుగా ఉంటుంది. కార్బన్ ఫైబర్ పొరల్ని ఎపాక్సీ రెజిన్‌తో కలిపి, వేడిలో నొక్కి తయారు చేస్తారు. చవక రకాల్లో ఫైబర్‌గ్లాస్ పాలు ఎక్కువ, అందుకే అవి బరువుగా ఉంటాయి. మీరు షాట్ కొట్టేటప్పుడు షాఫ్ట్ విల్లులా వంగి, తిరిగి నిటారు అవుతూ పక్‌ని విసురుతుంది. వంచలేకపోతే ఆ విసురు రాదు. ఎంత ఖరీదైన కార్బన్ అయినా అప్పుడది ఊరికే ఒక తేలికైన కర్ర.

కావలసినవి

- కొలత టేపు, మార్కర్, హాకీ టేప్ లేదా మాస్కింగ్ టేప్
- హాక్సా, దానికి సన్న పళ్ళ బ్లేడ్ (అంగుళానికి 24 లేదా 32 పళ్ళు)
- ఉప్పు కాగితం, తడిగుడ్డ
- ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా
- షాఫ్ట్ పైకొనకి పెట్టే ఎండ్ ప్లగ్
- బ్లేడ్ (స్టిక్ కిందికొన, పక్‌ని తాకే పలక) విడిగా వచ్చే రెండు ముక్కల స్టిక్ అయితే హీట్ గన్, హాకీ బ్లేడ్లకి వాడే హాట్ మెల్ట్ జిగురు
- స్లో మోషన్ వీడియో తీయగల ఫోన్

మాస్క్ ఉంటే మంచిది అని కాదు, ఉండి తీరాలి. కారణం కోసేచోట చెబుతాను.

1. మీ బరువు నుంచి మొదలుపెట్టండి

అందరూ వాడే సూత్రం: ఒంటి బరువు పౌండ్లలో ఎంతో, అందులో సగం మీ ఫ్లెక్స్. కిలోల్లో అయితే ఇంకా సులువు. మీ బరువుకి అందులో పదోవంతు కలపండి. 60 కిలోలకి 66, 70కి 77, 80కి 88.

నా సలహా, సరదాగా ఆడేవాళ్ళు ఇందులోంచి ఇంకో 5 నుంచి 10 తగ్గించండి. ఎందుకంటే ఆ సూత్రం ఒంటి బరువంతా స్టిక్ మీద వాల్చడం వచ్చినవాళ్ళకి సరిపోతుంది. మనలో చాలామంది చేతులతోనే కొడతాం, బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. 70 కిలోల మనిషి తన చేతిలో 70 దగ్గర ఉండేలా చూసుకుంటే చాలు. "మెత్తగా ఉంటే విరిగిపోదా?" అని అడుగుతారు. తక్కువ ఫ్లెక్స్ అయినంత మాత్రాన బలహీనం కాదు. షాఫ్టులు ఎక్కువగా విరిగేది ఎదుటివాడి స్టిక్ దెబ్బకీ, అంతకుముందే పడిన గాటు దగ్గరా.

పెద్ద ఆటగాళ్ళని చూసి అంకె ఎంచుకోకండి. జెడెనో చారా అనే ఆటగాడు 2012 ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) ఆల్‌స్టార్ పోటీల్లో గంటకి 108.8 మైళ్ళ వేగంతో షాట్ కొట్టాడు. ఆయన ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు, బరువు 110 కిలోల పైమాటే. ఆయన స్టిక్ మన చేతికొస్తే గడ్డపారలా ఉంటుంది.

2. పొడవు గుర్తు పెట్టండి, అప్పుడే కోయకండి

స్కేట్లు వేసుకుని నిటారుగా నిలబడండి. బ్లేడ్ ముందు కొన నేలకి ఆనేలా స్టిక్‌ని నిలువుగా పట్టుకోండి. పైకొన గడ్డం దగ్గరికి రావాలి. స్కేట్లు లేకుండా అయితే ముక్కు దగ్గరికి. డిఫెన్స్ ఆడేవాళ్ళు ఒక అంగుళం ఎక్కువ ఉంచుకోవచ్చు, పక్‌ని ఎక్కువగా తిప్పుతూ ఆడేవాళ్ళు ఒకటి తగ్గించుకోవచ్చు. పొట్టివైపు పోయేవాళ్ళు మాత్రం నెమ్మదిగా పోండి.

గుర్తు పెట్టినచోట రెండు చుట్లు టేప్ వేయండి. కోయకుండానే, పై చేతిని ఆ టేప్ దగ్గర పెట్టుకుని ఒక రోజు ఒంటరిగా ప్రాక్టీస్ చేయండి. కోశాక బిగువు ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది, ఎందుకంటే పై చేయి కిందికి జరగడమూ షాఫ్ట్ కురచ కావడమూ వంగే విషయంలో దాదాపు ఒకటే. అయితే పైన మిగిలిన ముక్క కడుపులో గుచ్చుకుంటుంది కాబట్టి ఆటలో ఇలా చేయకండి.

ఈ ఒక్క రోజు ఓపిక పడితే సగం మందికి స్టిక్ పాడు కాకుండా మిగులుతుంది. నా మొదటి కాంపోజిట్ స్టిక్‌ని కొన్న సాయంత్రమే గడ్డం కిందికంటా కోసేశాను. ఆ తర్వాత ఏడాదంతా నడుం వంచి ఆడాను. కోసింది అతకదు మరి.

3. కోశాక ఎంత అవుతుందో లెక్క కట్టండి

కొన్ని కంపెనీలు షాఫ్ట్ పైభాగంలోనే గీతలు గీసి, ఇక్కడ కోస్తే ఇంత ఫ్లెక్స్ అని అచ్చు వేస్తాయి. ఉంటే దాన్నే నమ్మండి. లేకపోతే, 60 అంగుళాల దగ్గరున్న సీనియర్ (పెద్దవాళ్ళ సైజు) స్టిక్‌కి ఉజ్జాయింపుగా ఇలా వేసుకోండి:

- 1 అంగుళం కోస్తే బిగువు నూటికి 5 పెరుగుతుంది
- 2 అంగుళాలకి 10 పైన
- 3 అంగుళాలకి 16 పైన
- 4 అంగుళాలకి 23 దాకా

85 ఫ్లెక్స్ స్టిక్ రెండు అంగుళాలకి 94, మూడింటికి 99, నాలుగింటికి 105 దగ్గరికి పోతుంది. చూశారుగా, ఒక్కో అంగుళానికీ పెరుగుదల సమానంగా ఉండదు, పోనుపోను ఎక్కువవుతుంది.

ఇప్పుడు వెనక్కి లెక్కించండి. 68 కిలోల మనిషి. సూత్రం ప్రకారం 75. సరదా ఆట కాబట్టి 70 చాలు. మూడు అంగుళాలు కోయాలి. అంటే కొనేటప్పుడు షాఫ్ట్ మీద ఉండాల్సిన అంకె 60. ఇది విని చాలామంది మొహం మాడ్చుకుంటారు, ఎందుకంటే 55 నుంచి 70 దాకా ఉన్నవి సాధారణంగా ఇంటర్మీడియట్ అనే వరసలో పెడతారు. అది పిల్లల సామాను కాదు. షాఫ్ట్ కాస్త సన్నగా, కాస్త పొట్టిగా ఉంటుంది, అంటే కోయాల్సిందీ తక్కువే. ఎత్తూ బరువూ తక్కువున్న పెద్దవాళ్ళు నిశ్చింతగా వాడొచ్చు. బ్లేడ్ కూడా కొంచెం చిన్నది, అంతే.

కిక్ పాయింట్ గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. షాఫ్ట్ ఎక్కడ ఎక్కువ వంగుతుందో చెప్పే మాట అది. కిందవైపు వంగేది త్వరగా వదిలే స్నాప్ షాట్‌కి, మధ్యలో వంగేది స్టిక్ పైకెత్తి బలంగా కొట్టే స్లాప్ షాట్‌కి అనుకూలం. ఫ్లెక్స్ తప్పితే ఏ కిక్ పాయింటూ ఆదుకోదు.

4. కోయడం

ముందు కొన్నప్పుడు ఇచ్చిన వారంటీ కాగితం చదవండి. కోస్తే వారంటీ పోతుందని రాసి ఉంటే, 2వ మెట్టులో చెప్పిన ప్రాక్టీస్ ఇంకో వారం చేసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఆరుబయట కోయండి. కార్బన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, చర్మానికి తగిలితే దురద పెడుతుంది, పైగా అది కరెంటుని ప్రసరింపజేస్తుంది కాబట్టి కంప్యూటర్, ప్లగ్ బోర్డుల దగ్గర అసలు వద్దు.

- కోయాల్సిన చోట చుట్టూ టేప్ రెండు వరసలు బిగించి, గీత టేప్ మీదే గీయండి. టేప్ లేకపోతే అంచు పీచుపీచుగా లేస్తుంది.
- షాఫ్ట్‌ని వైస్‌లో పెడితే గుడ్డ చుట్టి, కదలకుండా ఉండేంతే బిగించండి. లోపల బోలు. ఎక్కువ బిగిస్తే గోడ లోపలే చిట్లుతుంది, బయటికి కనబడదు.
- ఒకే వైపు నుంచి ఆ చివరిదాకా కోసుకుపోకండి. ఒక ముఖం కొంత కోసి, షాఫ్ట్ తిప్పి పక్క ముఖం, అలా నాలుగు వైపులా. చివర్లో ముక్క బరువుకి విరిగి పొర ఊడిరాకుండా ఉంటుంది.
- రంపాన్ని నొక్కకండి, దాని బరువుతోనే నడవనివ్వండి. మధ్యమధ్య కోత మీద కాసిని నీళ్ళు చిలకరిస్తే పొడి ఎగరదు.
- అంచుని ఉప్పు కాగితంతో బయటినుంచి లోపలివైపుకి రుద్దండి. తడిగుడ్డతో తుడవండి. నోటితో ఊదొద్దు.

పైపులు కోసే కట్టర్‌తో పని కానిద్దామని ఒకరు అడిగారు. వద్దు. అది నొక్కి కోసే పరికరం, షాఫ్ట్‌ని నలిపేస్తుంది.

ఒకేసారి అనుకున్నంతా కోయకండి. మూడు అంగుళాలు అనుకుంటే రెండు కోసి, ఒకటి రెండు ఆటలు ఆడి, ఆ తర్వాతే మూడోది.

5. ఎండ్ ప్లగ్ పెట్టండి

కొన మూయకుండా ఆడకూడదు. బోలు కొన పొట్టకో మొహానికో తగిలితే గుండ్రంగా కోసుకుపోతుంది, నియమాలు కూడా మూసి ఉండాలనే అంటాయి. పాత ప్లగ్ జిగురుతో ఉంటే హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేస్తే ఊడివస్తుంది.

ఎక్కువ కోసేశారా? ప్లగ్ బదులు పొడిగింపు ముక్క పెట్టుకోవచ్చు. దాన్ని హాట్ మెల్ట్ జిగురుతో బిగిస్తారు. పొడవు తిరిగొస్తుంది, బిగువు కొంత తగ్గుతుంది, పైవైపు కాస్త బరువు పెరుగుతుంది. మొత్తం పొడవు మాత్రం చూసుకోండి. ఎన్‌హెచ్‌ఎల్ నియమాల్లో బ్లేడ్ మడమ (బ్లేడ్ షాఫ్ట్‌తో కలిసే మూల) నుంచి పైకొన దాకా 63 అంగుళాలు దాటకూడదు.

6. రెండు ముక్కల షాఫ్ట్ అయితే: బ్లేడ్ బిగించడం

ఒకే ముక్క స్టిక్ వాడేవాళ్ళు ఇది వదిలేసి 7కి వెళ్ళండి.

కొనేముందు ఒకటే చూడాలి, షాఫ్ట్ కింది రంధ్రం మామూలుదా, సన్నబడేదా అని. మామూలు రకంలో షాఫ్ట్ కొనదాకా ఒకే మందం. రెండో రకంలో కిందికి పోనుపోను సన్నగా అవుతుంది. ఒకదానికి చేసిన బ్లేడ్ ఇంకోదానికి పట్టదు. ఉప్పు కాగితంతో రుద్ది పట్టించిన బ్లేడ్లు రెండో ఆటకే ఊగడం మొదలుపెట్టాయి, స్వానుభవం.

పాత బ్లేడ్ తీయడానికి షాఫ్ట్ కింది మూడు నాలుగు అంగుళాల్ని హీట్ గన్‌తో నాలుగు వైపులా వేడి చేయండి. గన్ ఎప్పుడూ కదులుతూ ఉండాలి. అర నిమిషానికోసారి లాగి చూడండి. జిగురు కరిగితే బ్లేడ్ మెల్లగా జారుతుంది. జారకపోతే ఇంకో అర నిమిషం, అంతేగానీ ఒకేచోట గన్ పెట్టి నిలబడకండి. నేను అలా నిలబడ్డాను. రంగు మీద చిన్న బుడగలు లేచాయి, పట్టించుకోలేదు. రెండు వారాల తర్వాత ఒక మామూలు పాస్ ఇస్తుంటే షాఫ్ట్ సరిగ్గా ఆ బుడగల దగ్గరే విరిగింది. మితిమీరిన వేడికి రెజిన్ దెబ్బతింటే పీచుల్ని పట్టి ఉంచేది ఇంకేమీ ఉండదు.

కొత్త బ్లేడ్ కాడకి జిగురు పలుచగా పూసి, కాడనీ షాఫ్ట్ కొననీ కాస్త వేడిచేసి, పూర్తిగా లోపలికి నెట్టండి. మొత్తం చల్లారేదాకా, అంటే కనీసం పావుగంట, నేల మీద కొట్టి చూడాలన్న సరదా ఆపుకోండి. బ్లేడ్ పట్టుకుని మెలితిప్పితే టిక్కుమని శబ్దం వచ్చినా, కీలు దగ్గర గోరు దూరేంత సందు ఉన్నా మళ్ళీ వేడిచేసి బిగించాల్సిందే.

7. సరిపోయిందో లేదో చూసుకోవడం

*ఇంట్లో.* మీ ఫ్లెక్స్ ఎంతో తేల్చుకోవాలంటే, అంకె తెలిసిన ఇంకో స్టిక్ ఒకటి సంపాదించండి. అది కోయనిదైతే మేలు. రెండు స్టూళ్ళు మీటరు దూరంలో పెట్టి, షాఫ్ట్‌ని వాటి మీద ఆనించండి. పేరు అచ్చు వేసిన వెడల్పు ముఖం పైకి ఉండాలి, బ్లేడ్ స్టూలు బయటికి ఉండాలి. సరిగ్గా మధ్యలో పది లీటర్ల నీళ్ళ బకెట్ వేలాడదీసి, ఎంత కిందికి దిగిందో మిల్లీమీటర్లలో కొలవండి. తర్వాత రెండో స్టిక్‌కీ అదే దూరం, అదే బకెట్. తెలిసిన 70 స్టిక్ 10 మిల్లీమీటర్లు దిగి, మీది 8 మాత్రమే దిగిందనుకోండి. 70ని 10తో గుణించి 8తో భాగిస్తే 87. మీ షాఫ్ట్ కోయకముందు దాదాపు 87 అన్నమాట. స్టూళ్ళ దూరం మారలేదు కాబట్టి కోత వల్ల పెరిగిన బిగువు ఇందులో కనబడదు, దాన్ని 3వ మెట్టు లెక్కతో కలుపుకోండి. స్టిక్‌కీ స్టిక్‌కీ పోల్చడానికే ఇది. దిగిన కొలత నుంచి నేరుగా ఫ్లెక్స్ లెక్కించబోకండి, ఒక్కో కంపెనీ ఒక్కో దూరంలో కొలుస్తుంది.

*మంచు మీద.* గోల్‌కి ఎదురుగా ఒకేచోట నిలబడి 20 రిస్ట్ షాట్లు (పక్‌ని బ్లేడ్‌కి ఆనించే ఉంచి మణికట్టుతో విసిరేవి). ఒక స్నేహితుడు పక్కనుంచి స్లో మోషన్‌లో తీయాలి. చూడాల్సింది రెండే. పక్ వదిలే ముందు షాఫ్ట్ వంపు కంటికి కనబడుతోందా? చివరి 5 షాట్లు మొదటి 5 లాగే ఉన్నాయా? మొదట్లో వంగి, అలసట వచ్చాక వంగడం మానేస్తే ఆ షాఫ్ట్ మీకు ఎక్కువే. ఆటలో చివరిదైన మూడో పీరియడ్ అలసటతోనే కదా ఆడేది.

అసలు వంపే లేకపోతే వెంటనే ఇంకో స్టిక్ కొనకండి. ముందు కింది చేయి చూసుకోండి. కొత్తవాళ్ళలో చాలామంది రెండు చేతుల్నీ దగ్గరదగ్గరగా పైనే పెడతారు. కింది చేయి షాఫ్ట్ మధ్యకి దగ్గరయ్యే కొద్దీ అదే బలానికి షాఫ్ట్ ఎక్కువ వంగుతుంది. ఒక జానెడు కిందికి జరిపి మళ్ళీ 20 కొట్టండి. చాలాసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది.

మరీ మెత్తగా ఉంటే గుర్తులు వేరు. స్లాప్ షాట్ ఎటు పోతుందో తెలియదు, గట్టి పాస్ ఇవ్వబోతే స్టిక్ వెనకబడినట్టు అనిపిస్తుంది, ఎదుటివాడు స్టిక్ మీద వాలితే మీది లొంగిపోతుంది. అప్పుడు ఇంకో అంగుళం కోసి చూడండి, పొడవు అనుమతిస్తే.

*టేప్ చూడండి.* రెండు ఆటల తర్వాత బ్లేడ్‌కి చుట్టిన హాకీ టేప్ కిందివైపు ఎక్కడ అరిగింది? మధ్యలో అయితే సరే. ముందు కొన దగ్గర అరిగితే స్టిక్ మీ చేతిలో మరీ నిటారుగా ఉంటోంది, ఎక్కువ కోసి ఉండొచ్చు, లేదా లై అంకె (షాఫ్ట్‌కీ బ్లేడ్‌కీ మధ్య కోణాన్ని చెప్పేది) ఎక్కువున్న బ్లేడ్ కావాలి. మడమ దగ్గర అరిగితే స్టిక్ పొడవు ఎక్కువ, లేదా లై తగ్గాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కార్బన్ ఖరీదు పెరిగితే షాట్ వేగం పెరుగుతుందనుకోవడం అన్నిటికంటే పెద్దది. ఖరీదు ఎక్కువగా తగ్గించేది బరువుని. చేతికి తేలిక తెలుస్తుంది, నిజమే. కానీ ఫ్లెక్స్ సరిగ్గా ఉన్న మధ్యరకం స్టిక్, ఫ్లెక్స్ తప్పిన పైరకం కంటే మీకు బాగా పనిచేస్తుంది. పలుచని గోడల పైరకం షాఫ్టులు దెబ్బలకి ఓర్వడంలో కొంచెం సుకుమారం కూడా.

రెండోది, కాంపోజిట్ కూడా చెక్కలాగే మెల్లగా మెత్తబడి, ముందే చెప్పి పోతుందనుకోవడం. చెక్క తడి పీల్చి నానుతుంది, బరువెక్కుతుంది, మీకు తెలుస్తుంది. కాంపోజిట్ నిన్నటిదాకా కొత్తదానిలాగే ఉండి ఇవాళ రెండు ముక్కలవుతుంది. అందుకే ప్రతి ఆట తర్వాతా ఒక నిమిషం కేటాయించండి. ఒక దూది ఉండని షాఫ్ట్ పొడవునా నాలుగు ముఖాల మీదా జరపండి, పీచు లేచినచోట దూది పట్టుకుంటుంది. ఒట్టి వేళ్ళతో జరపకండి, కార్బన్ ముల్లు గుచ్చుకుంటే తీయడం నరకం. ఆ తర్వాత నాణెంతో పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి. టకటకమని వస్తున్న శబ్దం ఎక్కడైనా ఉన్నట్టుండి మొద్దుబారితే అక్కడ పొరలు విడిపోయి ఉండవచ్చు. చివరగా బ్లేడ్‌ని నేలకి ఆనించి మెల్లగా వంచండి. చిటపటమంటే దాన్ని ఆటకి తీసుకెళ్ళకండి.

పై రంగు మాత్రమే గీసుకుపోయిన గాట్లకి భయం లేదు. గోరు దిగేంత లోతుండి, అడుగున నల్ల పీచు కనబడితే అది దెబ్బే. టేప్ చుడితే చేతికి గుచ్చుకోకుండా ఉంటుందేమో గానీ బలం రాదు.

ఎండలో నిలిపిన కారు డిక్కీలో స్టిక్ వదిలేయడం, గోడకి ఆనించి దాని మీద కిట్ బ్యాగ్ వాల్చడం, ఇవీ అలవాటుగా చేసేవే. మానుకుంటే చాలు.

ఆట మధ్యలో విరిగితే చేతిలో ఉన్న ముక్కతో ఆడబోకండి, పెనాల్టీ పడుతుంది. అక్కడికక్కడే కింద పడేసి బెంచి దగ్గరికి వెళ్ళి ఇంకోటి తెచ్చుకోవాలి. ఆట అయ్యాక విరిగిన స్టిక్‌ని చెత్తలో వేసేముందు ఎక్కడ విరిగిందో చూడండి. బ్లేడ్ ఒక్కటే పోయి షాఫ్ట్ నాణెం పరీక్షకి నిలబడితే, బ్లేడ్ కాడ మొదలయ్యే చోటుకి పైన కోసి, సన్నబడే రకం బ్లేడ్ పెట్టి చూడొచ్చు. పొడవు తగ్గిన మేరకి పైన పొడిగింపు ముక్క పెట్టాలి. అన్ని షాఫ్టులకీ పట్టదు, కాబట్టి బ్లేడ్ కొనేముందు రంధ్రం కొలతలు రాసుకుని వెళ్ళండి.